దొంగ జ్వరాలు, దొర సెలవులు

వానలు పడి బోనాలు మొదలయ్యేసరికి మేడ్చల్ చుట్టుపక్కల ఫ్యాక్టరీల్లో ఒక అంటువ్యాధి బయల్దేరుతుంది. దాని పేరు దొంగ జ్వరం. డెంగీ రావాలంటే దోమ కుట్టాలి, టైఫాయిడ్ రావాలంటే పాడు నీళ్ళు తాగాలి. దీనికి అవేవీ అక్కర్లేదు. కార్మికుడు సెలవడిగితే చాలు, అంటుకుంటుంది. దీన్ని కనిపెట్టే డాక్టర్లూ వేరే జాతి. స్టెతస్కోపు పెట్టరు, రక్తం తీయరు, అసలు మనిషినే చూడరు. గేటు పక్క గదిలో కూర్చుని ఫోన్లోనే తేల్చేస్తారు.

"సార్, జరమొచ్చింది. లేవస్తలేదు."

"నిన్న బోనాలాయె, ఇయ్యాల జరమాయె. మాకు తెల్వదారా మీ జరాలు!"

పరీక్ష, నిర్ధారణ, చికిత్స అన్నీ ఆ ఒక్క మాటతో పూర్తి. ఇక మిగిలింది ఫీజు. ఆ రోజు జీతం పోతుంది. నెలంతా నాగా పెట్టకుండా వచ్చినవాడికి ఇస్తామన్న హాజరు బోనస్ పోతుంది. మర్నాడు నలుగురి ముందు పడే మాటలు మాత్రం ఉచితం.

ఈ వైద్యం వెనక ఒక సిద్ధాంతం కూడా ఉంది. జీతంతో జబ్బు సెలవు ఇచ్చారంటే ఇక పనికి ఎవడూ రాడట. అందరూ దుప్పటి కప్పుకుని పడుకుంటారట, మెషిన్లు తుప్పు పడతాయట, పెట్టుబడులు పక్క రాష్ట్రానికి పోతాయట. కొంపల్లి ఫంక్షన్ హాళ్ళలో పెళ్ళి భోజనాల దగ్గర ఈ మాట అననివాడు పారిశ్రామికవేత్త కాడు. సరే, ఆయన మాటే నిజమనుకుందాం. కార్మికుడు పరమ దొంగ. పనికి ఎగనామం పెట్టి, జబ్బు పేరు చెప్పి డబ్బు గుంజాలని కంకణం కట్టుకున్నాడు. ఆ దొంగతనంలో వాడికి ఎంత గిట్టుబాటవుతుందో లెక్క వేద్దాం.

జబ్బు పడ్డ కార్మికుడికి జీతం నష్టం భర్తీ చేసే ఏర్పాటు మన దగ్గర ఒకటుంది, ఈఎస్ఐ. 1943లో బి.పి. అదార్కర్‌ను నియమించి, మరుసటి ఏడాది ఆయనిచ్చిన నివేదిక ఆధారంగా 1948లో చట్టం చేశారు. 1952 ఫిబ్రవరి 24న కాన్పూర్లో నెహ్రూ ప్రారంభించారు. యజమాని దయాధర్మంతో పని లేకుండా, కార్మికుడి జీతంలోంచి కొంత, యజమాని వాటా కొంత తీసి నిధిగా పెట్టి, జబ్బు చేసినప్పుడు అందులోంచి ఇవ్వడం దాని ఉద్దేశం. మంచి ఉద్దేశమే. 2019 జూలై నుంచి కార్మికుడి వాటా 0.75 శాతం, యజమాని వాటా 3.25 శాతం. అంతకుముందు యజమాని 4.75 కట్టేవాడు. ఆ ఒకటిన్నర శాతం తగ్గినందుకు కార్మికులకు ఒక్క రోజు సెలవైనా పెరిగిందేమో అని వెతకకండి, కళ్ళు నొప్పి పుడతాయి. కళ్ళ నొప్పికీ సెలవు లేదు.

ఇప్పుడు మన దొంగ రోజుకు 500 రూపాయలు సంపాదిస్తాడనుకుందాం. అయిదు రోజులు జ్వరం. ఈఎస్ఐ జబ్బు భత్యం జీతంలో 70 శాతం. అయితే మొదటి రెండు రోజులకు ఏమీ రాదు, చట్టం వాటిని నిరీక్షణ కింద జమకట్టింది. మిగిలిన మూడు రోజులకు 350 చొప్పున 1,050 రూపాయలు. పనికి పోయుంటే 2,500. అంటే ఈ మహా మోసంలో వాడికి ముట్టిన లాభం అక్షరాలా మైనస్ 1,450 రూపాయలు. హాజరు బోనస్ కోత కలపలేదు, డిస్పెన్సరీకి పోయొచ్చే ఆటో ఖర్చూ కలపలేదు. ఇంత నష్టానికి దొంగతనం చేసేవాడిని పట్టుకోవడం దండగ. వాడికి లెక్కలు నేర్పి వదిలేయాలి.

ఆ రెండు రోజుల నియమంలో ఒక చమత్కారం కూడా ఉంది. ఒకసారి జబ్బు భత్యం తీసుకున్నవాడు 15 రోజుల్లోపే మళ్ళీ పడిపోతే ఆ రెండు రోజుల కోత ఉండదు. కాబట్టి కార్మిక సోదరులకు నాదొక సలహా: జబ్బు పడదలచుకుంటే ఒక్కసారి పడి ఊరుకోకండి. కొద్దిగా కోలుకుని, డ్యూటీకి వచ్చినట్టే వచ్చి, మళ్ళీ పడండి. చట్టానికి అలాంటి రోగి మీద మమకారం ఎక్కువ.

కొత్తగా చేరినవాళ్ళకు ఇంకో సలహా. వైద్యం మొదటి రోజు నుంచే దొరుకుతుంది, అది నిజం, దాన్ని తక్కువ చేయకూడదు. జబ్బు డబ్బు మాత్రం చేరిన తొమ్మిది నెలల తర్వాతే మొదలవుతుంది. పైగా ఆరు నెలల చందా కాలంలో 78 రోజులైనా చందా పడి ఉండాలి. కాబట్టి బిహార్ నుంచో ఒడిశా నుంచో శ్రీకాకుళం నుంచో రైలు దిగి, అత్వెల్లిలో రేకుల గది అద్దెకు తీసుకుని పనిలో చేరిన కుర్రాడు తన ప్లేట్‌లెట్లకు ముందే చెప్పి పెట్టుకోవాలి: తొమ్మిది నెలల దాకా పడిపోకండమ్మా, ఆ తర్వాత మీ ఇష్టం. కాంట్రాక్టరు మారినప్పుడు పాత నంబరు పక్కన పడేసి కొత్త నంబరు తీశారంటే, ప్లేట్‌లెట్లు మళ్ళీ ఒకటో నెల నుంచి ఓపిక పట్టాలి.

నాకు అన్నిటికంటే ముచ్చటగా అనిపించేది 1948 చట్టంలోని 64వ సెక్షన్. జబ్బు భత్యం తీసుకునే మనిషి వైద్యం జరుగుతున్న ప్రాంతం దాటి డాక్టరు అనుమతి లేకుండా వెళ్ళకూడదని అది చెప్పింది. రాసినవాళ్ళకు ఊరూ ఇల్లూ ఒకచోటే ఉన్న కార్మికుడు కళ్ళ ముందుండి ఉంటాడు. మేడ్చల్లో పరిస్థితి వేరు. ఒక గదిలో నలుగురు. ముగ్గురు షిఫ్టుకు పోతే నాలుగోవాడికి మంచినీళ్ళిచ్చే దిక్కు లేదు. టైఫాయిడ్ వస్తే వాడికి తెలిసిన వైద్యం ఒకటే: రైలెక్కి అమ్మ దగ్గరికి పోవడం. గంజి కాచి పోసేది అక్కడే కదా. అలా వెళ్ళాడో, డాక్టరు చిట్టీ ఇక్కడ, జ్వరం అక్కడ. కాగితం, ఒళ్ళు ఒకే ఊళ్ళో లేకపోతే అది దొంగ జ్వరం కాక మరేమిటి? ఎక్కువమంది ఈ గొడవంతా ఎందుకని వీధి చివర ఆర్‌ఎంపీ దగ్గర గ్లూకోజ్ సీసా ఒకటి ఎక్కించుకుని, రెండు మాత్రలు మింగి, మర్నాడు షిఫ్టులో నిలబడతారు. నిలబడ్డారు కాబట్టి నిన్నటి జ్వరం అబద్ధమని సూపర్‌వైజరు రుజువు చేసేస్తాడు. పడుకుంటే దొంగ, లేస్తే ఇంకా పెద్ద దొంగ.

మేడ్చల్ నుంచి కాస్త తూర్పుకు తిరిగి శామీర్‌పేట దాటితే తుర్కపల్లి, జీనోమ్ వ్యాలీ. ప్రపంచంలోని పసిపిల్లల చేతులకు గుచ్చే టీకాల్లో ఎన్నో ఇక్కడివే. కొవాగ్జిన్ ఇక్కడే పుట్టింది. ఆ ఘనత మనందరిదీ. ఏ కంపెనీ సంగతీ నేను ఎత్తడం లేదు. మందుల తయారీ మొత్తానికి వర్తించే ఒక నిబంధన గురించే నా మాట. ఔషధ నిబంధనల్లో షెడ్యూల్ ఎం అని ఒకటుంది. దాని ప్రకారం ఒంట్లో జబ్బు కనిపిస్తున్న మనిషిని, ఒంటి మీద పుండున్న మనిషిని మందుల దగ్గరికి రానివ్వకూడదు. చాలా అవసరమైన నిబంధన. రేపు ఆ మందు మింగేది మనమే. కానీ ఒక్కసారి ఆలోచించండి: మాత్రకు మనిషి జ్వరం సోకకుండా కాపాడే నిబంధన ఉంది. ఇంటికి పంపిన ఆ మనిషికి ఆ రోజు కూలి ఎవరివ్వాలో ఆ నిబంధనలో లేదు. దాంతో ఏమవుతుంది? జ్వరం ఉందని చెబితే జీతం పోతుంది కాబట్టి చెప్పడు. గేటు దగ్గర నుదుటికి తుపాకీ లాంటిది పెట్టి చూసేలోపు పారాసిటమాల్ తన పని చేసేసి ఉంటుంది. జ్వరం మాత్ర తయారుచేసేవాడు జ్వరం మాత్ర మింగి జ్వరం మాత్రల దగ్గరికి పోతాడు. ఇక్కడ దొంగతనంగా వచ్చింది జ్వరం కాదు, ఆరోగ్యం. ఆ దొంగ ఆరోగ్యాన్ని పట్టుకునే సూపర్‌వైజరు ఇంకా పుట్టలేదు.

శామీర్‌పేటలోనే నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం ఉంది. అక్కడి పిల్లలు కార్మిక చట్టాలు చదువుతారు. వాళ్ళకు పరీక్షలో ఇవ్వదగ్గ ప్రశ్న ఒకటి నా దగ్గరుంది. మేడ్చల్ చౌరస్తాలో బట్టల దుకాణంలో పనిచేసే అమ్మాయికి జ్వరం. కాస్త దూరంలో ఫ్యాక్టరీలో పనిచేసే ఆమె అన్నకు అదే దోమ కుట్టిన అదే జ్వరం. ఎవరికి జబ్బు సెలవుంది? జవాబు: చెల్లికి. మన రాష్ట్రపు దుకాణాలు, సంస్థల చట్టం, 1988 ప్రకారం దుకాణాల్లో, ఆఫీసుల్లో పనిచేసేవారికి ఏడాదికి 12 రోజుల వరకు జీతంతో సెలవు హక్కు. జబ్బుకైనా, ప్రమాదానికైనా, ఇంకే సరైన కారణానికైనా. ఇది కాక 240 రోజులు పనిచేస్తే మరో 15 రోజుల సంపాదిత సెలవు. అన్నకు వర్తించిన ఫ్యాక్టరీల చట్టం, 1948లో జబ్బు సెలవనే మాటే ఉండేది కాదు. 20 రోజుల పనికి ఒక రోజు చొప్పున సంపాదిత సెలవు ఒక్కటే ఉండేది. 2025 నవంబరు 21న నాలుగు లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాక ఆ సెలవుకు అర్హత 240 రోజుల నుంచి 180కి దిగింది, సంతోషం. జబ్బు సెలవు మాత్రం అందులోనూ చేరలేదు. మెషిన్ల దగ్గర పనిచేసేవాడు మెషిన్‌లాంటివాడే, చెడిపోతే మరమ్మతు చాలనుకున్నారేమో.

చెల్లికి ఉన్న ఆ 12 రోజులూ ఆమెకు తెలుసా? దుకాణంలో లక్ష్మీదేవి పటం ఉంటుంది, దిష్టి గుమ్మడికాయ ఉంటుంది, 'అప్పు అడగరాదు' అని బోర్డు ఉంటుంది. 12 రోజుల సెలవు గురించి బోర్డు మీరెక్కడైనా చూశారా? ఫ్యాక్టరీల చట్టంలోనూ ఇలాంటి ఒక రహస్యం ఉండేది. సంపాదిత సెలవుకు 15 రోజుల ముందు దరఖాస్తు పెట్టాలి. అదే సెక్షన్లో, జబ్బు కోసం వాడుకుంటే ముందస్తు గడువు అక్కర్లేదు, ఇవ్వాల్సిందే అని కూడా ఉండేది. మేనేజర్లకు మొదటి సగం కంఠతా వచ్చు. రెండో సగం దగ్గరికి వచ్చేసరికి పేజీ చిరిగిపోయి ఉంటుంది.

ఇక జీతం 21,000 దాటినవాడి సంగతి. ఈఎస్ఐకి అర్హత గీత అదే, 2017 జనవరి 1న గీశారు. ఆ తర్వాత గది అద్దె పెరిగింది, గ్యాస్ పెరిగింది, కొంపల్లి ఫ్లైఓవర్ల కింద ట్రాఫిక్ పెరిగింది, గీత మాత్రం ఏళ్ళ తరబడి కదల్లేదు. పన్నెండేళ్ళు చాకిరీ చేసి 21,000 దాటిన ఆపరేటరు ఆ పెరిగిన వెయ్యి రూపాయలకు స్వీట్లు పంచుతాడు. చందా కాలం ముగిశాక ఈఎస్ఐ పోతుంది. కంపెనీ తీసిచ్చిన ఇన్సూరెన్స్ ఆస్పత్రి బెడ్డుకు డబ్బు కడుతుంది, ఇంట్లో మంచానికి కట్టదు. ప్రమోషన్ వచ్చినవాడికి జ్వరం రాకూడదు, అది హోదాకు తగదు.

ఈఎస్ఐ నిధికి దొంగ రోగుల వల్ల చిల్లు పడుతుందనే బెంగ కూడా చాలామందికి ఉంది. 2019 సెప్టెంబరులో తెలంగాణ ఏసీబీ ఈఎస్ఐ మందుల కొనుగోళ్ళలో అక్రమాల కేసు పెట్టి, వైద్య సేవల విభాగం డైరెక్టరునే అరెస్టు చేసింది. మరుసటి ఏడాది జూన్లో ఆంధ్రప్రదేశ్‌లో ఇలాంటి కేసులోనే ఒక మాజీ కార్మిక మంత్రి అరెస్టయ్యారు. కేసుల్లో నిజానిజాలు కోర్టులు చూసుకుంటాయి. నేననేది ఒక్కటే, ఆ ఆరోపణల్లోని మొత్తాన్ని 350 రూపాయల చొప్పున భాగిస్తే ఎన్ని దొంగ జ్వరాలవుతాయో మేనేజర్లు తీరిగ్గా లెక్క వేసుకోవచ్చు.

ఇప్పుడు అసలు పాఠానికి వద్దాం: "మా కంపెనీ అంతా ఒకే కుటుంబం." దసరాకు ఆయుధపూజ రోజు మైకు పట్టుకున్న ప్రతి ఎండీ ఈ మాట అంటాడు. కుటుంబమే, కాదనను. కాకపోతే ఇందులో ఎవరూ పుట్టకూడదు, పడకూడదు, చావకూడదు. గుండ్లపోచంపల్లి అపారెల్ పార్కు లాంటి చోట్ల కుట్టు మెషిన్ల ముందు కూర్చునేది ఎక్కువగా ఆడవాళ్ళే. ఉద్యోగాలకు వచ్చే ఆడపిల్లలను, "పెళ్ళయిందా? పిల్లల ఆలోచన ఏమైనా ఉందా?" అని అడగడం మన దేశంలో ఇంటర్వ్యూ అనిపించుకుంటుంది. ఎందుకంటే 26 వారాల ప్రసూతి సెలవు యజమాని నడ్డి విరుస్తుందట. 2017లో 12 వారాలను 26 చేసిన దగ్గర్నుంచి ఈ నడ్డి విరుగుతూనే ఉంది. వినేవాడికి అయ్యో అనిపిస్తుంది. మరి 21,000 లోపు జీతమున్న ఈఎస్ఐ కార్మికురాలికి ఆ 26 వారాల జీతం ఇచ్చేది ఎవరు? ఈఎస్ఐ. యజమాని జేబులోంచి పోయేది నెల నెలా కట్టే చందాయే, ఆమె గర్భవతి అయినా కాకున్నా అంతే. అంటే విరగని నడ్డికి కట్టు కట్టుకుని తిరుగుతున్నారు. దొంగ జ్వరాన్ని కనిపెట్టే నిపుణులకు ఈ దొంగ నడుము నొప్పి కనపడకపోవడం వైద్యశాస్త్రంలో పెద్ద లోటు. 50 మందికి తగ్గకుండా పనిచేసే చోట పిల్లలను చూసుకునే గది ఉండాలని అదే 2017 సవరణ చెప్పింది. ఆ గది అడిగితే స్టోర్‌రూమ్ చూపిస్తారు.

తండ్రి మాట ఎత్తనే అక్కర్లేదు. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగికి బిడ్డ పుడితే 15 రోజుల సెలవు. ప్రైవేటులో పనిచేసేవాడికి చట్టంలో ఒక్క రోజు లేదు. బిడ్డ పుట్టిన వార్త నైట్ షిఫ్టులో వాట్సాప్‌లో తెలుస్తుంది. తల్లికి డయాలసిస్ ఉన్నా, పిల్లవాడికి అమ్మవారు పోసినా చూసుకోవడానికి అంటూ సెలవు లేదు. చావుకు మాత్రం లోకం కాస్త కరుగుతుంది. మేనేజరు కూడా తల పంకించి, మూడు రోజుల్లో వచ్చెయ్ అంటాడు. అందుకే మన ఆఫీసుల్లో, ఫ్యాక్టరీల్లో తాతలు అన్నిసార్లు చచ్చిపోతారు. "వీడి తాత పోయినేడు కూడా చచ్చాడు" అని నవ్వుకునేవాళ్ళు ఒక సంగతి మరిచిపోతారు. బతికున్న అమ్మను ఆస్పత్రికి తీసుకెళ్ళడానికి సెలవిస్తే, ఆ ముసలాయనను మళ్ళీ మళ్ళీ చంపాల్సిన ఖర్మ ఎవరికీ పట్టదు.

"అమెరికాలో చూడండి, ఎలా పనిచేస్తారో" అని అనేవారు మన మధ్య బాగానే ఉన్నారు. చూద్దాం. జీతంతో జబ్బు సెలవు ఇవ్వాలనే జాతీయ చట్టం అమెరికాలో లేదు. 1993 నాటి కుటుంబ సెలవు చట్టం 12 వారాలు ఇస్తుంది, జీతం లేకుండా, అదీ 50 మందికి తగ్గని సంస్థల్లో. ఆ లోటు ఎవరు పూడుస్తున్నారో తెలుసా? కొంపల్లి, అల్వాల్ అపార్ట్‌మెంట్ల నుంచి ఆవకాయ సీసాలతో విమానమెక్కే అమ్మమ్మలు, నాయనమ్మలు. కూతురి కాన్పుకో కోడలి కాన్పుకో ఆరు నెలలకు పోయి, స్నానం పోసి, వంట చేసి, తిరిగొచ్చేస్తారు. అంత పెద్ద దేశపు కుటుంబ సెలవు మన రిటైరైన టీచరమ్మల మోకాళ్ళ మీద నడుస్తోంది. అదే వయసు ముసలివాళ్ళు మేడ్చల్ కార్మికుడికీ ఉన్నారు. వాళ్ళు ఉపాధి హామీ పనికి పోయి ఉంటారు. జర్మనీలో 1883లోనే జబ్బు బీమా చట్టం తెచ్చిన బిస్మార్క్ కమ్యూనిస్టు కాదు, సోషలిస్టులను అణిచినవాడు. ఆ ముక్క మాత్రం పెళ్ళి భోజనాల దగ్గర ఎవరూ చెప్పరు.

ఇక సెలవు సోమరితనాన్ని పెంచుతుందన్న మాట కొంచెం పరీక్షించడానికి వీలుంది. అందుకు నమూనాలు మన సర్కారు ఆఫీసుల్లోనే ఉన్నాయి. కేంద్ర ఉద్యోగికి ఏడాదికి 30 రోజుల సంపాదిత సెలవు, 20 రోజుల సగం జీతపు సెలవు, 8 క్యాజువల్ లీవులు. వాడుకోని సెలవులు దాచుకుని రిటైరైనప్పుడు 300 రోజుల దాకా డబ్బు చేసుకోవచ్చు. ఇవన్నీ వాళ్ళ హక్కు, ఉండాల్సినవే. ఈ సెలవుల వల్ల దేశం ఆగిపోయిందని ఎవరూ అనరు. అదే సెలవు రేకుల గదిలో ఉండేవాడు అడిగితే మాత్రం దేశాభివృద్ధికి ఒక్కసారిగా దగ్గు వస్తుంది. దొర పడుకుంటే విశ్రాంతి, కూలీ పడుకుంటే నాగా.

రాకపోవడాన్ని నేరంగా చూసే కళలో మన రాష్ట్రానికి ఒక రికార్డు కూడా ఉంది. 2019 అక్టోబరు 5న ఆర్టీసీ కార్మికులు సమ్మెకు దిగితే, గడువులోగా డ్యూటీకి రాని సుమారు 48 వేల మంది తమను తామే డిస్మిస్ చేసుకున్నారని అప్పటి ముఖ్యమంత్రి కె. చంద్రశేఖరరావు తేల్చారు. మేడ్చల్ డిపో వాళ్ళూ అందులో ఉన్నారు. చివరికి నవంబరు ఆఖర్లో అందరినీ మళ్ళీ చేర్చుకున్నారనుకోండి. సమ్మె వేరు, జబ్బు వేరు, నాకూ తెలుసు. కానీ సూత్రం ఊళ్ళోకి దిగింది. ఇప్పుడు ఏ చిన్న కాంట్రాక్టరైనా మూడు రోజులు రానివాడితో, "నిన్ను ఎవడు తీసేసిండు? నువ్వే మానేసినవ్" అంటాడు. జబ్బు భత్యం పొందుతున్న కాలంలో కార్మికుణ్ణి తీసేయకూడదు, శిక్షించకూడదు అని 1948 ఈఎస్ఐ చట్టం 73వ సెక్షన్ చెప్పింది. దాన్ని దాటడానికి ఇంత తేలిక దారి ముఖ్యమంత్రి స్థాయిలో దొరుకుతుందని దాన్ని రాసినవాళ్ళు ఊహించి ఉండరు.

దొంగ జ్వరాలు అసలే లేవని నేననను. ఉంటాయి. దొంగ బిల్లులున్న దేశంలో, దొంగ సర్టిఫికెట్లున్న దేశంలో జ్వరం ఒక్కటే నిజాయితీగా ఉండాలని పట్టుబట్టడం అన్యాయం. అయినా పదిమందిలో ఒకడు అబద్ధమాడతాడని తొమ్మిదిమంది నిజం జ్వరాలకు జీతం కోయడం లెక్క కాదు, లాభం. మేడ్చల్లో దొంగది జ్వరం కాదు, సెలవు. కాగితం మీద ఉంటుంది, అడిగితే కనపడదు.

మొదటి రెండు రోజుల కోత తీసేయాలి. 21,000 గీతను ఏటా ధరలతో పాటు జరపాలి. ఫ్యాక్టరీ కార్మికుడికి కూడా దుకాణంలో ఉన్న 12 రోజులు ఇవ్వాలి, తండ్రికి కనీసం 15 రోజులు. ఇవి ప్రభుత్వాలు చేయాల్సినవి, వాటికి సెలవులు పూర్తయ్యాక చేస్తాయి. ఈలోగా మీరు చేయగలిగిందొకటి ఉంది. ఈ నెల జీతం చిట్టీ తీసి చూడండి. ఈఎస్ఐ పేరుతో కోత ఉంటే మీ పది అంకెల ఇన్సూరెన్స్ నంబరు అడిగి రాసుకోండి, చందా నిజంగా పడుతోందో లేదో డిస్పెన్సరీలోనో, ఈఎస్ఐ బ్రాంచి ఆఫీసులోనో కనుక్కోండి. జ్వరం రాకముందే అడగండి. కోత కోసి నిధికి కట్టకపోవడం జైలుకు పంపే నేరం.